రెండు నిమిషాల సారూ, నోరు విప్పని కంప్యూటరూ

మా బావకి డిపోలో డ్రైవర్లు పెట్టిన పేరు "రెండు నిమిషాల సారు". ఆ పేరు ఆయనకి తెలుసు. తెలిసి సిగ్గుపడతాడా అంటే, లేదు. ఎవరో పిలిచి బిరుదిచ్చినట్టు మీసం సవరించుకుంటాడు. అక్కడే నా ఒళ్ళు మండుతుంది.

ఆయన బస్సుల డిపోలో టైమ్ కీపర్. ఏ బస్సు ఎన్నింటికి కదలాలి, ఏ స్టాపులో ఎంతసేపు ఆగాలి, తిరిగి ఎన్నింటికి గేట్లోకి రావాలి, ఇదంతా గళ్ళ కాగితం మీద రాసేది ఆయనే. ఏ రూటు చేతికిచ్చినా కళ్ళద్దాలు ముక్కు మీదకి జార్చి, గళ్ళన్నీ ఒకసారి కలయజూసి, "ఇక్కడో రెండు నిమిషాలు మిగులుతున్నాయి చూశారా?" అంటాడు. ఎర్ర పెన్నుతో ఆ రెండూ కోసేస్తాడు. "సార్, ఆ స్టాపులో ఆసుపత్రి ఉంది, ముసలీ ముతకా దిగుతారు" అని డ్రైవర్లు మొత్తుకుంటే, "స్టాపు రాకముందే లేచి నిలబడమని చెప్పండి" అంటాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

పోనీ, డిపో బుద్ధి డిపోలో వదిలేసి ఇంటికొస్తాడా? హాల్లో గోడ గడియారం ఐదు నిమిషాలు ముందు. వంటింట్లోది ఏడు. కుక్కరు మూడు కూతలు వెయ్యాల్సిన చోట రెండో కూతకే స్టవ్ కట్టేస్తాడు, ఆపైన బంగాళాదుంపలు రాళ్ళలా ఉన్నాయని ఆయనే గొణుగుతాడు. లిఫ్టు బొత్తాం నొక్కిందే నొక్కుతాడు. నొక్కినకొద్దీ అది పరిగెత్తుకొస్తుందని నమ్మకం. నేను పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చుంటాను. "కూర్చోండి, పిలుస్తారు" అనడమే నా ఉద్యోగం. ఒకసారి పన్ను నొప్పితో వచ్చిన మా బావ, నా కళ్ళ ముందే తొమ్మిది నిమిషాలు కూర్చుని, "తగ్గిపోయిందిలే మరదలా" అని లేచి వెళ్ళిపోయాడు. తగ్గిందా, నా మొహమా! మర్నాడు బుగ్గ బంతిలా వాచి, నోరు తెరవలేక, సైగలు చేసుకుంటూ తిరిగొచ్చాడు. ఆ ఒక్క రోజూ మా అక్క ఇంట్లో హాయిగా మాట్లాడుకుంది.

అసలు సంగతి అదే మరి. మా అక్కకి నత్తి. చిన్నప్పట్నుంచీ ఉంది. మాట మొదట్లోనే ఆగుతుంది, ఒక్కోసారి అక్కడే కాసేపు కూర్చుంటుంది, తర్వాత వస్తుంది. వచ్చాక మాత్రం ఆ మాటకి తిరుగుండదు. కానీ వచ్చేదాకా మా బావ ఆగితేగా! అక్క "నా... నా..." అనగానే "నాకు తలనొప్పిగా ఉంది, అంతేగా?" అని అందించేస్తాడు. అది చెప్పబోయింది "నాన్న ఫోన్ చేశారు" అని. నాన్న ఫోన్ సంగతి తేలడానికి రెండ్రోజులు పడుతుంది, తలనొప్పి మాత్ర మాత్రం మంచినీళ్ళతో సహా రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది.

వాళ్ళ పెళ్ళికి మూలం కూడా ఆయన తొందర జబ్బే. అప్పట్లో బావ బస్ పాసుల కౌంటర్లో ఉండేవాడు. అక్క వరుసలో నిలబడి, తను దిగాల్సిన స్టాపు పేరు చెప్పబోయి మొదట్లోనే ఆగింది. వెనక ముప్ఫై మంది. బావ ఆగలేక తనకి తోచిన స్టాపొకటి రాసేసి, ముద్ర కొట్టి, పాసు చేతిలో పెట్టాడు. అది పట్నానికి అవతలి కొస. అక్క మర్నాడు తిరిగొచ్చి, కౌంటరు ముందు నిలబడి, ఒక్కో మాటా పూర్తిగా పలికి మరీ చెడామడా దులిపేసింది. దులిపి ముగించేదాకా ఆయన గుడ్లప్పగించి ఆగాడట. "అ... అది చూసే మోసపోయాను" అంటుంది అక్క.

ఆయనకి చెడ్డబుద్ధి లేదండీ, అదే చిక్కు. మాట కోసం అక్క మెడ నరాలు బిగుసుకోవడం చూడలేడు. చూడలేక అందిస్తాడు. ప్రేమే, కాదనను. ప్రేమైతే మాత్రం నోట్లోంచి మాట లాక్కుంటారా ఎవరైనా?

అక్క భవనాల ప్లాన్లు గీస్తుంది. ఎనిమిదేళ్ళుగా ఒక కాంట్రాక్టరుకి ఇంట్లోనే కంప్యూటరు మీద గీసి పంపుతోంది. ప్లాను కింద మూలలో "గీసినవారు" అని ఒక గడి ఉంటుంది, అందులో ఈ ఎనిమిదేళ్ళూ ఆ కాంట్రాక్టరు పేరే. సొంత పేరు మీద పని చెయ్యాలని అక్క కోరిక. మూణ్ణెల్ల కిందట ఒక ఆఫీసువాళ్ళు కంప్యూటర్లో మాట్లాడదామన్నారు. ధైర్యం చెప్పడానికని బావ పక్కన కూర్చున్నాడు. మొదటి ప్రశ్నకి గుసగుసగా అందించాడు. రెండోదానికి కాస్త గట్టిగా. మూడోదానికి అక్క నోరు తెరిచేలోపే తనే జవాబు చెప్పేశాడు. అవతలావిడ తెరలోకి వంగి, "అమ్మా, మీ పక్కన ఒక మోచెయ్యి కనిపిస్తోంది. ఉద్యోగం కావాల్సింది మీకా, దానికా?" అని అడిగింది. అంతే. మోచేతికీ రాలేదు, అక్కకీ రాలేదు. వారం పాటు అక్క ఆయనతో మాట్లాడలేదు. "ఎలాగూ పూర్తిచేసేది ఆయనే, మొదలు కూడా ఆయన్నే పెట్టుకోమను" అని నాకు మెసేజ్ పెట్టింది.

ఇప్పుడు ఇంకో ఆఫీసు పిలిచింది. గురువారం పదకొండింటికి. అక్క గీసిన ఆసుపత్రి ప్లాను తన కంప్యూటర్లోనే తెరిచి, వాళ్ళకి వివరించి, అడిగిన మార్పు అక్కడికక్కడే చేసి చూపించాలి. "మీ... మీరు తలుపవతల" అని బావకి ముందే తేల్చి చెప్పింది. నాతో మాత్రం, "ఇది కూడా పోతే ఇంక ఎ... ఎవర్నీ అడగనే" అంది.

గురువారం పొద్దున్న ఎనిమిదింపావుకి అక్క దగ్గర్నుంచి మెసేజ్. "వెంటనే రా. మీ బావ కంప్యూటర్ని చంపేశాడు. నేను మీ బావని చంపేలోపు రా."

డాక్టరుగారికి ఏదో సాకు చెప్పి పరిగెత్తాను. వెళ్ళేసరికి కంప్యూటరు పెట్టె నేల మీద ఉంది, ఊడదీసిన పక్క రేకు మంచం మీద ఉంది. మరలు టీ సాసర్లో ఉన్నాయి. లోపల ఫ్యాను గిర్రున తిరుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది. మా బావ బనీనుతో నేల మీద బోర్లా పడుకుని, టార్చిలైటు పళ్ళతో పట్టుకుని, పెట్టెలోకి తల దూర్చాడు. అక్క కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుని ఆయన వీపు వైపే చూస్తోంది.

"ఏం చేశావు బావా?"

ఆయన టార్చి నోట్లోంచి తీశాడు. "ఏం చెయ్యలేదే. కాస్త సర్దానంతే."

ఆ సర్దుడు ఏమిటో రాబట్టేసరికి నాకు తాతలు దిగొచ్చారు. ఆ ఆసుపత్రి ప్లాను పెద్దది, తెరుచుకోవడానికి నలభై సెకన్లు పడుతుంది. నలభై సెకన్లు వాళ్ళు అక్క మొహం చూస్తూ కూర్చుంటే, ఆ నిశ్శబ్దంలో అక్క కంగారుపడితే, మాట మరీ బిగుసుకుపోతే! రాత్రంతా ఇదే బెంగట ఆయనకి. తెల్లవారుజామునే లేచి, రెట్టింపు వేగంతో నాలుగు వీడియోలు చూశాడు. కంప్యూటర్లో ర్యామ్ అని ఉంటుంది కదా, పని జరుగుతున్నంతసేపూ సంగతులు గుర్తుపెట్టుకునే పట్టీలు. దాన్ని ఏదైనా అడిగితే అది జవాబు తెచ్చేలోపు ఒకటీ రెండూ అంటూ ఎన్ని లెక్కలు ఆగాలో కంప్యూటరు మొదటి సెట్టింగుల్లో వరసగా అంకెలుంటాయి. అంకె తగ్గితే వేగం పెరుగుతుందని వీడియోలో చెప్పారు.

"గళ్ళూ, గళ్ళలో ఆగే లెక్కలూ! అచ్చం మా రూట్ షీటే మరదలా!" అన్నాడు బావ, అంత తప్పు చేసి కూడా కళ్ళు మెరుస్తుంటే. "16, 18, 18, 36. ఎంత దండగో చూడు! ఒక్కోదాంట్లోంచి రెండు కోశాను."

"కోస్తే?"

"నడిచింది! చెప్పానా, ఎక్కడైనా మిగులుతాయని? అందుకే ఇంకో రెండు కోశాను."

"కోస్తే?"

ఆయన టార్చి మళ్ళీ పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అడిగింది అందుకోకముందే జవాబు కావాలని తరిమితే, పాపం అది మాత్రం ఏం చెబుతుంది? మూగపోయింది. బొత్తాం నొక్కితే ఫ్యాను లేస్తుంది, నాలుగు ఊపిరులు తీసి ఆగిపోతుంది, మళ్ళీ తనే లేస్తుంది, మళ్ళీ ఆగిపోతుంది. తెర వెలిగితే ఆ అంకెలు తిరిగి మార్చుకోవచ్చు. అంకెలు మార్చందే తెర వెలగదు.

"పో... పొద్దున్న ఐదింటి నుంచీ ఇదే" అంది అక్క. "న... నన్ను అడిగారా? నా కంప్యూటరు!"

"అడుగుదామనే అనుకున్నాను, నువ్వు నిద్రలో..."

"ని... నిద్రలేపకూడదా?"

"టైమ్ వేస్టని..."

అక్క సాసర్లోంచి ఒక మర తీసి ఆయన మీదకి విసిరింది. తగల్లేదు గానీ, ఆ మర కోసం తర్వాత మంచం కింద నేను పాకాల్సొచ్చింది.

అప్పటికి ఆయన చెయ్యని వైద్యం లేదు. ర్యామ్ పట్టీలు పీకి, పెన్సిలు రబ్బరుతో వాటి ఇత్తడి పళ్ళు తోమాడు. ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ మార్చాడు. తెర వైరు మార్చాడు. బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, ఆ సెట్టింగులకి ఊపిరి అదేనట. అది పీకేస్తే అంకెలన్నీ మర్చిపోయి కంప్యూటరు మొదటికొస్తుందని వీడియోలో ఉంది. పీకాడు. లాభం లేదు. ఎంతసేపు పీకి ఉంచావంటే, "చాలాసేపే" అన్నాడు. అక్క రెండు వేళ్ళు చూపించింది. రెండు నిమిషాలు!

తొమ్మిదైంది. రిపేరు షాపు తెరిచేది పదిన్నరకి. షాపాయన నంబరు అక్క దగ్గరుంది, ఇంట్లోనే ఉన్నట్టున్నాడు, ఫోన్ ఎత్తాడు. బావ చటుక్కున లాక్కుని స్పీకరు పెట్టి, ఒక్క ఊపిరిలో సంగతంతా చెప్పేశాడు. ఆ షాపాయన ఎంత నిదానస్తుడంటే, "హలో" అనడానికే ఆయనకి ఒక స్టాపు పడుతుంది.

"ఆ... విన్నాను సార్. ముందు మీరు..."

"బ్యాటరీ తీసేశాను!"

"అది కాదు సార్. ముందు మీరు..."

"ర్యామ్ కూడా తోమాను! రబ్బరుతో!"

"మంచిది సార్. ముందు మీరు..."

"వైరు మార్చాను!"

"సార్, ముందు మీరు కూర్చోండి."

నవ్వాపుకోలేక నేను గోడవైపు తిరిగాను. అక్క లేచి ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది. అక్క మాట మొదలుపెట్టింది, ఆగింది, మళ్ళీ మొదలుపెట్టింది. అవతల ఆయన చప్పుడు చెయ్యలేదు. అక్క ముగించాక తాపీగా ఒక ప్రశ్న వేశాడు. అక్క తాపీగా జవాబు చెప్పింది. వీళ్ళ తాపీ కబుర్ల మధ్య మా బావ వేడి పెనం మీద నిలబడ్డట్టు కాళ్ళు మార్చుకుంటూ, అక్క ఆగిన ప్రతిచోటా నోరు తెరుస్తూ, నేను కళ్ళెర్రజేస్తే మూస్తూ ఉన్నాడు. నాలుగు గంటలుగా ఈయన తేల్చలేనిది వాళ్ళిద్దరూ ఐదు నిమిషాల్లో తేల్చేశారు. బ్యాటరీ పీకాడు గానీ, గోడకున్న కరెంటు వైరు పీకలేదు మహానుభావుడు! మళ్ళీ పెట్టడానికి టైమ్ పడుతుందని! వైరు ఉన్నంతసేపూ బోర్డుకి కరెంటు సన్నగా అందుతూనే ఉంటుందట, ఆ అంకెల్ని అది మర్చిపోదట.

"వైరు పీకండమ్మా. బ్యాటరీ తీసి ఇరవై నిమిషాలు వదిలేయండి. తర్వాత ఒక్క పట్టీయే పెట్టి ఆన్ చెయ్యండి. మొదటిసారి అది అన్నీ కొత్తగా చూసుకుంటుంది, తెర రెండు మూడు నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. బొత్తాం మాత్రం ముట్టుకోవద్దు. ముఖ్యంగా..." అని ఆగాడు షాపాయన. "ముఖ్యంగా సారుని ముట్టుకోనివ్వద్దు."

అక్క వైరు పీకింది. బ్యాటరీ తీసింది. తీసి, బల్ల మీద పెట్టకుండా గుప్పిట్లో పెట్టుకుంది. ఎందుకో నాకు ఆరు నిమిషాలయ్యాక అర్థమైంది. "ఈపాటికి మర్చిపోయే ఉంటుంది, పెట్టేద్దామా?" అన్నాడు బావ. అక్క తల అడ్డంగా ఊపి, గుప్పిట బిగించి స్నానానికి వెళ్ళింది. గుప్పిట్లోనే పెట్టుకుని బట్టలు మార్చుకుంది. ఒంటిచేత్తో తల దువ్వుకుంటుంటే జడ నేనల్లాను. పదిహేను నిమిషాలప్పుడు బావ గుమ్మం దగ్గరకొచ్చి, "ఇరవై అంటే సుమారుగా అనేగా? ఓ రెండు నిమిషాలు..." అన్నాడు. అక్క అద్దంలోంచే ఆయన్ని చూసింది. ఆయన తుండు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, తుడిచిన గిన్నెలే మళ్ళీ తుడిచాడు.

తొమ్మిదీ నలభైకి బ్యాటరీ పెట్టి, ఒక్క పట్టీ బిగించి, అక్క బొత్తాం నొక్కింది. ఫ్యాను లేచింది. తెర నలుపు.

"రాలేదు" అన్నాడు బావ, నాలుగో సెకనుకి.

"ఆగు బావా."

"ఫ్యాను తిరుగుతోందిగా, తెర రావాలిగా మరి!"

నిమిషమైంది. నిమిషన్నర. ఆయన చూపుడువేలు దానంతటదే బొత్తాం వైపు పాకుతోంది. ఒట్టు, ఆయన మొహం తెర వైపే ఉంది, వేలు మాత్రం అటు వెళ్తోంది, అలవాటైన దారి కదా.

"ఏ... ఏమండీ" అంది అక్క. కోపంగా కాదు. "నా... నా కోసం."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కిటికీ దగ్గరకి వెళ్ళి, రెండు చేతులతో ఊచలు పట్టుకుని, వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. ఎప్పుడూ కాలు నిలవని మనిషి అలా ఊచలు పట్టుకుని నిలబడితే, నాకు మొదటిసారి జాలేసింది.

తెర వెలిగింది. పాత సెట్టింగులు పోయాయి, ముందుకెళ్ళడానికి ఏదో మీట నొక్కమంది. అక్క నొక్కింది. బావ ఎగిరి గంతేస్తే కింది ఫ్లాటువాళ్ళు కర్రతో పైకప్పు పొడిచారు.

అంతటితో అయిపోతే బాగుండేది. ఆఫీసువాళ్ళు పంపిన పేజీ తెరిస్తే, మీ గడియారం తప్పు, లోపలికి రానివ్వనంది. ఊపిరి తీసేశాం కదా, కంప్యూటరు తేదీ కూడా మర్చిపోయి పదకొండేళ్ళు వెనక్కి వెళ్ళిపోయింది. "టైమ్ కీపరు ఇంట్లో గడియారం పదకొండేళ్ళు లేటు!" అన్నాను నేను. ఎంత ఉక్రోషం వచ్చిందో ఆయనకి! నన్ను పక్కకి నెట్టి, చేతి గడియారం చూసి సరిచేశాడు. చేసింది మళ్ళీ ఐదు నిమిషాలు ముందుకి. అక్క ఆయన చేతిమీద ఒక్కటిచ్చి సరైన టైమ్ పెట్టింది.

ఇంకో ముచ్చట. ఒక్క పట్టీతో నడుస్తోంది కాబట్టి, నలభై సెకన్లలో తెరుచుకునే ఆసుపత్రి ప్లాను ఇప్పుడు డెబ్భై సెకన్లు తీసుకుంటోంది. రెండో పట్టీ పెడదామంటే మళ్ళీ ఏ తంటా వస్తుందోనని భయం. మా బావ కొన్న వేగం అది.

పదకొండుకి పది నిమిషాలుండగా అక్క మమ్మల్నిద్దర్నీ బయటికి పంపి తలుపేసుకుంది. ఇంట్లో తలుపులు పల్చటివి, లోపల దగ్గితే బయట వినిపిస్తుంది. మేమిద్దరం నడవలో నేల మీద, తలుపుకి చెరోపక్కా కూర్చున్నాం.

లోపల ఒకావిడ గొంతు, ఒకాయన గొంతు. పలకరింపులయ్యాయి. ఆవిడ, "సరే, ఆ ప్లాను తెరుస్తారా?" అంది. మీట నొక్కిన చప్పుడు. నిశ్శబ్దం. డెబ్భై సెకన్లు! బావ కళ్ళు మూసుకున్నాడు.

"ఇ... ఇది తెరుచుకోవడానికి ఒక నిమిషం పైనే ప... పడుతుందండీ" అంది అక్క. "నా... నాకు నత్తి ఉంది. మాట కూడా ఆ... ఆలస్యంగానే వస్తుంది. రెండింటికీ మీరు కొంచెం ఆ... ఆగాలి."

అవతల ఆవిడ నవ్వింది, మంచి నవ్వే. "ఆగుతామండీ. మా కంప్యూటర్లు ఇంతకన్నా మొండివి" అంది.

ప్లాను తెరుచుకుంది. అక్క చెబుతోంది. గదులూ, నడవాలూ, చక్రాల కుర్చీ తిరగడానికి ఎంత జాగా కావాలో, అన్నీ. ఆగుతోంది, చెబుతోంది. బావ తుండు కొస నోట్లో కుక్కుకున్నాడు. అక్క ఆగిన ప్రతిసారీ ఆయన దవడలు కదులుతున్నాయి.

అప్పుడు ఆ అవతలాయన అడిగాడు. "ఈ అత్యవసర విభాగం దారిలో ఒక్క మలుపూ లేదు, బాగుంది. సాధారణంగా ఎవరూ ఇలా గియ్యరు. ఇది ఎవరి ఆలోచన?"

"అ... అది..." అంది అక్క. ఆగింది. చాలాసేపు ఆగింది.

బావ తుండు తీసి నా చెవిలో, "కాంట్రాక్టరు గియ్యమన్నాడు" అన్నాడు. "ఎవరడిగినా అదే చెప్పేది. నేనే చెప్పేవాణ్ణి దాని తరఫున."

"అ... అది నాదేనండీ" అంది అక్క లోపల. "కా... కాంట్రాక్టరు వద్దన్నాడు. మా అమ్మని స్ట్రెచరు మీద ఒ... ఒకసారి ఇరుకు మలుపులో తిప్పలేకపోయారు. అ... అందుకని ఆయనకి చెప్పకుండా గీసేశాను. ఆ... ఆ తర్వాత ఆయనే తన ఆలోచనని చెప్పుకున్నాడు."

బావ నా వైపు తిరిగాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు.

"చెప్పనిచ్చావా?" అన్నాను. అనేశాక కాస్త తగ్గి అనాల్సింది అనిపించింది. కానీ అనేశాను.

బావ తుండు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు, మళ్ళీ నోట్లో కుక్కుకోలేదు. లోపల ఇంకో అరగంట నడిచింది. వాళ్ళడిగిన మార్పు అక్క చేసింది, కంప్యూటరు నడుమ రెండుసార్లు మొరాయించింది, వాళ్ళు ఆగారు. అక్క గొంతు ఎన్నోసార్లు ఆగింది. బావ దవడలు కదల్లేదు. తల వంచుకుని వింటున్నాడు, కొత్త మనిషి మాట్లాడుతుంటే విన్నట్టు.

తలుపు తెరుచుకుంది. ఇద్దరం లేచాం. అక్క గుమ్మంలో నిలబడింది. మొహం చూస్తే ఏమీ తెలియడం లేదు, దానికి చిన్నప్పట్నుంచీ ఆ కళ ఉంది.

"వా... వాళ్ళు..." అంది.

ఆగింది. రోజుకి వందమందిని "కూర్చోండి, పిలుస్తారు" అని కూర్చోబెట్టేదాన్ని, పొద్దున్నుంచీ బావకి నీతులు చెప్పినదాన్ని, నా వల్ల కాలేదు.

"తీసుకున్నారా? తీసుకున్నారు కదూ? ఎప్పుడు చేరమన్నారు?"

"నువ్వాగవే" అన్నాడు బావ. నెమ్మదిగానే అన్నాడు. "దాన్ని చెప్పనీ."

అక్క ఆయన వైపు చూసింది. కళ్ళు నీళ్ళతో నిండాయి, దాంతో మాట ఇంకా బిగుసుకుపోయింది, మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ ఆగింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, అక్క మొహం మీంచి చూపు తిప్పకుండా నిలబడ్డాడు.

"వా... వాళ్ళు సో... సోమవారం నుంచి ర... రమ్మన్నారు" అంది అక్క, మొత్తం తనే.

ఆ ఒక్క మాటకి అక్కకి ఎంతసేపు పట్టిందో నాకు తెలీదు, యుగం పట్టినట్టుంది. సాయంత్రం టీ తాగుతూ బావనే అడిగాను, ఎంతైనా టైమ్ కీపరు కదా అని.

"చూసుకోలేదే" అన్నాడు.